బుడిపె ఉన్న కేబుల్

ఆదివారం

పైవాళ్ళ గొట్టం పగిలి మా ముందుగది కప్పు ఊడిపడి నాలుగు రోజులైంది. పది రోజుల పనన్నాడు ప్లంబర్. ప్లంబర్ల లెక్కలో పది అంటే ఎంతో నాకు తెలియనిది కాదు. అప్పటిదాకా ఇక్కడే, వియ్యపురాలి ఇంట్లో, పెరటి వైపు గదిలో.

ఇది నా ఆలోచన కాదు. మా వాడిదీ, కోడలిదీ. వాళ్ళుండేది ఉద్యోగం వాళ్ళిచ్చిన ఒంటి గది, అదీ వేరే ఊళ్ళో. "మా అమ్మ ఒక్కతే ఉంది కదా అత్తయ్యా, మూడు గదుల్లో" అంది కోడలు. "మా పెళ్ళయి నాలుగేళ్ళయినా మీరిద్దరూ అరగంట కలిసి కూర్చున్నది లేదు" అన్నాడు మా వాడు. కూర్చోకపోవడానికి కారణముంది. వాడికి తెలియదు. నేను చెప్పను కూడా.

గుమ్మంలోనే ఎదురొచ్చింది. "రండి వదినగారూ, మీ ఇల్లే అనుకోండి!" ఆ గొంతు వీధి చివరికి వినబడుతుంది. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు ఎక్స్‌రేలు తీసిన మనిషి, తలుపు అవతల నిలబడి కేకలేసే అలవాటు ఎక్కడికి పోతుంది?

కంప్యూటర్‌ను ట్యాక్సీలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ప్రింటర్ నీళ్ళపాలైంది. దీనిమీద ప్లాస్టిక్ గుడ్డ కప్పి ఉండబట్టి బతికి బయటపడింది. ఆన్ చేస్తే లోపల ఏదో టిక్కు టిక్కుమంటోంది. ఇదివరకు లేదు. ఉందేమో, మా ఫ్యాను చప్పుడులో వినబడలేదేమో.

సోమవారం

కొత్త ఎడిటర్ ఫోన్ చేశాడు. "మేడమ్, ఇకమీదట కాగితం మీద తీసుకోమండీ. శుక్రవారం లోపు ఫైల్ మెయిల్ చేసేయండి."

"నా కంప్యూటర్‌కి నెట్ లేదు బాబూ."

"మరి చూసుకోండి. ఒక్క వారం తప్పినా ఆ జాగాలో అంకెల పజిల్ వేసేస్తాం. అదైతే మాకు ఊరికే వస్తుంది."

అదే వారపత్రికలో నేను పాతికేళ్ళు ప్రూఫులు దిద్దాను. రిటైరయ్యాక ఈ పదిహేనేళ్ళుగా గళ్ళ పజిల్ నాదే. ఒక్క వారం తప్పలేదు. జ్వరంలో కూడా.

ఇబ్బందల్లా ఇదీ. పజిల్ తయారుచేసే ప్రోగ్రామును అప్పట్లో ఆఫీసులో పనిచేసిన అబ్బాయొకడు నాకోసం రాసిచ్చాడు. కొత్త కంప్యూటర్లలో అది కళ్ళు తెరవదు. నా పదకోశం కూడా అందులోనే ఉంది, ఇప్పటిదాకా వాడిన ప్రతి మాటా, దానికిచ్చిన ఆధారమూ. ఇవాళ బస్సు శబ్దం వింటూ ఒకటి అనుకున్నాను: ఎటునుంచి చదివినా అభినయమే, మూడక్షరాలు. నటన. బాగుంది. కానీ ఎప్పుడో వాడేశానా? పదకోశం చూస్తే గానీ తెలియదు. అదే లేకపోతే, చెప్పిందే చెప్పే ముసలమ్మనైపోతాను.

వాడేశాను. ఆరేళ్ళ కిందట.

ఫోన్ పెట్టేశాక వెనక్కి తిరిగితే వియ్యపురాలు గుమ్మంలో ఉంది. అంతా విన్నది. "దానికింత దిగులెందుకు వదినగారూ? నా ల్యాప్‌టాప్ ఉంది, దానికి నెట్ ఉంది. అదీ పాతదేలెండి. మీ దానికి చెల్లెలి వరస."

తెచ్చి చూపించింది. మడత దగ్గర విరిగింది. తెర నిలబడటానికి వెనక బిస్కెట్ల డబ్బా ఆనించి పెడుతుంది.

మంగళవారం

పెన్ డ్రైవ్ పెడితే నా కంప్యూటర్ ఇదెవరో నాకు తెలియదంది. దానికింకేదో డ్రైవర్ కావాలట. ఫ్లాపీ పెడదామంటే ఆవిడ ల్యాప్‌టాప్‌కి ఫ్లాపీ నోరే లేదు. నా సీడీ డ్రైవు చదవగలదు, రాయలేదు. నేనెరిగిన ఎడిటర్లు కొందరు అలాగే ఉండేవారు.

"రెంటికీ మధ్య ఒక వైరేసేస్తే పోలా?" అంది.

అంత సులువైతే లోకంలో ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు. పైకి అనలేదు.

బుధవారం

వైరేశాం.

వీధి మలుపులో ఫోన్ల దుకాణం అతను రెండు కొసలా ఒకే రకం పిన్ను ఉన్న కేబుల్ ఇచ్చాడు. "రెండు పాత కంప్యూటర్లకి పనికొస్తుందా?" అని రెండుసార్లు అడిగాను. "సెట్టవుతుందండీ" అన్నాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

ఒక కొస నా కంప్యూటర్‌కి, ఒక కొస ఆవిడ ల్యాప్‌టాప్‌కి. నాది ఉలకలేదు పలకలేదు. ఆవిడది టుప్పుమని ఆరిపోయింది. గబుక్కున కేబుల్ లాగేశాను. పరాయి వాళ్ళ వస్తువు!

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ఊపిరి పీల్చండి... బిగబట్టండి... ఇప్పుడు వదలండి" అంది. మీట నొక్కింది. లేచింది. "చూశారా, ఏం కాలేదు."

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "అయినా వదినగారూ, ఆ గడులన్నీ మళ్ళీ ఇందులో కొట్టుకుంటే పోయేదానికి ఇంత హైరానా ఎందుకు?" అంది.

ఆ గడులు.

తలనొప్పిగా ఉందని చెప్పి గదిలోకి వచ్చేశాను. మా వాడి పెళ్ళి విందులో, మా వాళ్ళందరి ఎదురుగా అదే గొంతుతో, "ఖాళీ గడులు నింపడానికి కూడా జీతమిస్తారా వదినగారూ?" అంది. అందరూ నవ్వారు. ఫోటోలు తీసేవాడు కూడా నవ్వాడు. ఆ ఫోటో ఆల్బంలో ఉంది.

గురువారం

మాట్లాడలేదు. టీ మాత్రం బాగుంది.

శుక్రవారం

తెరను ఫోన్‌తో ఫోటో తీసి పంపాను. పేజీలు పెట్టే అతను మళ్ళీ టైపు చేయాలని సణిగాడట. "ఈ ఒక్కసారికే మేడమ్" అన్నాడు ఎడిటర్.

టిక్కు టిక్కు ఎక్కువైంది. ప్లంబర్‌కి ఫోన్ చేశాను. కప్పు మళ్ళీ వేయాలట. ఇంకా ఎన్నాళ్ళురా భగవంతుడా.

సాయంత్రం ఆవిడ గది తలుపు తట్టింది. చేతిలో ఆ పనికిరాని కేబుల్. "నిన్నంతా దీని గురించే ఆలోచించాను. మా ఎక్స్‌రే గదిలో పాత కంప్యూటర్ నుంచి కొత్తదాంట్లోకి బొమ్మలు ఎక్కించడానికి కంపెనీ మనిషొచ్చేవాడు. అతని కేబుల్‌కి మధ్యలో ఇంత బుడిపె ఉండేది, పాము ఎలకని మింగినట్టు. అదేంటయ్యా అంటే చెప్పాడు. రెండు కంప్యూటర్లూ పెత్తనం చేసేవేనట. ఒకటి చెప్పడం, ఇంకోటి వినడం ఉండదట. మామూలు వైరేస్తే రెండూ ఒకేసారి కరెంటు తోసి కొట్టుకుంటాయి. ఆ బుడిపెలో చిన్న చిప్ ఉంటుంది, అది ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తుంది."

"రెండు వైపులా పెత్తనమేనా?" అన్నాను.

"అచ్చం వియ్యాలవారే" అంది. నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది. ఆపుకున్నాను. సరిగ్గా ఆగలేదు.

శనివారం

ఇద్దరం బస్సెక్కి పాత సామాన్ల బజారుకెళ్ళాం. ఒకే సీటు దొరికింది. నన్ను కూర్చోబెట్టి తను నిలబడింది. నాకంటే మూడేళ్ళు చిన్నది కదా, నిలబడనీ అనుకున్నాను. దిగేటప్పుడు చూస్తే మోకాలు పట్టుకుని దిగుతోంది. చెప్పొచ్చుగా!

ఆ బజారు ఒక లోకం. తోరణాల్లాగా వేలాడే కీబోర్డులు, గోనెసంచుల్లో మౌసులు, గుట్టగా పోసిన వైర్లు. ఒక్కో గుట్ట ముందూ కూర్చుని చిక్కులు తీసుకుంటూ వెతికాం. బుడిపెలు చాలానే దొరికాయి, అవి వేరే బుడిపెలు. మధ్యాహ్నం దాటాక ఆవిడ పెద్దగా అరిచింది, బజారంతా తిరిగి చూసింది. "ఇదిగో! ఎలకని మింగింది!"

కేబుల్‌తో పాటు ఒక సీడీ కూడా ఉంది. డ్రైవర్ అందులోనే ఉంటుందని పెట్టె మీద రాశారు, రెండు కంప్యూటర్ల తరానికీ సరిపోతుందట. సీడీ నిండా గీతలు. ఆవిడ దాన్ని ఆకాశం కేసి ఎత్తి, కన్ను చికిలించి, అటూ ఇటూ తిప్పి చూసింది, ఎక్స్‌రే ఫిల్మును చూసినట్టే. దుకాణదారు కూడా భయంభయంగా పైకి చూశాడు.

"విరగలేదు. బెణికిందంతే" అంది.

బస్సులో ఈసారి ఆవిడని కూర్చోబెట్టాను.

ఆదివారం

కేబుల్ తగిలించి సీడీ పెట్టాం. గుర్తు తెలియని పరికరం అంది. తీసి పెట్టాం. గుర్తు తెలియని పరికరం. కళ్ళజోడు గుడ్డతో సీడీ తుడిచి మళ్ళీ పెట్టాం. అదే పాట.

పెట్టెలోని కాగితాన్ని నేను ఎప్పుడు చదివానో రాయడానికి సిగ్గుగా ఉంది. సాయంత్రం. పాతికేళ్ళు ఒక్క కామా వదలకుండా చదివిన మనిషిని, నాలుగు వరుసల కాగితం చదవలేదు. మొదటి వరుసలోనే ఉంది: ముందు సీడీలోది ఎక్కించాలి, ఆ తర్వాతే కేబుల్ తగిలించాలి. మనం ముందే తగిలించేసరికి అది తప్పుగా పరిచయం చేసుకుని కూర్చుంది. ఆ తప్పు పరిచయాన్ని జాబితాలోంచి తీసేసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

తీసేశాం. అయినా రాలేదు. రేపు చూద్దాం అన్నాను. "రేపెందుకు, ఇంకోసారి" అంది. ఇంకోసారి కూడా రాలేదు. అప్పుడు ఆవిడే రేపు చూద్దామంది.

సోమవారం

వచ్చింది!

ముందు వైపు పోర్టుకి కరెంటు చాలడం లేదు. బల్ల కిందకి దూరి వెనక పోర్టుకి పెట్టాను. తెర మీద రెండు కిటికీలు పక్కపక్కన తెరుచుకున్నాయి. ఎడమ పక్క నాది, కుడి పక్క ఆవిడది. నా ఫైళ్ళన్నీ పేర్లతో సహా అక్కడి నుంచి కనిపిస్తున్నాయి. బల్ల కిందనుంచి లేవబోయి తల కొట్టుకున్నాను. నొప్పి తెలియలేదు.

ఈ వారం పజిల్ ముందు లాగాం. పావు నిమిషం పట్టలేదు. ఆవిడ మెయిల్ నుంచే ఎడిటర్‌కి పంపాం. "అందింది, థాంక్స్ మేడమ్" అని జవాబు కూడా వచ్చింది.

ఆ ప్రోగ్రామును కూడా లాగి ల్యాప్‌టాప్‌లో తెరిచాం. తెరుచుకుంది. చెల్లెలి వరస అన్నమాట వట్టిది కాదు.

ఇక మిగిలినవి పాత పజిళ్ళ పేజీల బొమ్మలు, పదకోశం. పేజీలు ముందు, పదకోశం చివర. ముఖ్యమైనది చివర్లో తీరుబడిగా చేసుకోవాలి. తొందరేముంది?

మంగళవారం

ఒక ఇబ్బంది. పేజీలు ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగిపోతున్నాయి. ప్రతిసారీ ఇంచుమించు అక్కడే. కేబుల్ తప్పేమో అనుకున్నాం, పోర్టు తప్పేమో అనుకున్నాం. కాదు. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే ల్యాప్‌టాప్ కునుకు తీస్తోంది. అది నిద్రపోగానే ఇవతల దీని పని ఆగిపోతోంది.

కాబట్టి ఎవరో ఒకరు పక్కన కూర్చుని మౌసు కదుపుతూ ఉండాలి. డిస్కు వేడెక్కుతోంది గనక ఎక్కువసేపు చేయకూడదు కూడా. రోజూ భోజనాలయ్యాక కాసేపు.

కదిపాం. ముందు నేను, తర్వాత ఆవిడ.

బుధవారం

కదిపాం. ఒక్కరు చాలు. ఇద్దరం కూర్చున్నాం. పక్కన ఇంకో కుర్చీ ఎలాగూ ఉంది.

ఆధారం ఎలా రాస్తారని అడిగింది. మాటలో ఇంకో మాట దాక్కుని ఉంటే అదృష్టం అన్నాను. ఉదాహరణకి తామరాకు. నీళ్ళ మీద తేలే ఆకే, కానీ చివర్లో "రాకు" అంటోంది. "అమ్మో!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఇన్నాళ్ళూ ఆ ఆకు అంత మాటందా!"

తనూ ఒకటి చెప్పింది. "ఆసుపత్రిలో అందరి దగ్గరా లాగేది. రెండక్షరాలు."

"రక్తం."

"ఫీజు."

రెండూ సరిపోతున్నాయి. అదే తప్పు, జవాబు ఒక్కటే ఉండాలని చెప్పాను. "మరి ఆసుపత్రిలో రెండూ లాగుతారుగా" అంది. ఎంతసేపు నవ్వామో. పైగా మౌసు కదపడం మరిచిపోయాం. మళ్ళీ మొదటి నుంచి.

మా వాడు ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి, "అమ్మా, గొడవలేమీ లేవుగా?" అన్నాడు. "పనిలో ఉన్నాను, తర్వాత చేయి" అన్నాను.

గురువారం

ల్యాప్‌టాప్ నిద్ర ఆపే సెట్టింగ్ కనిపించింది. పవర్ అన్న చోట. తర్వాత చూద్దాం.

శుక్రవారం

ప్లంబర్ ఫోన్. "అయిపోయిందమ్మా, వచ్చేయొచ్చు."

పెయింటు వాసన పోవాలి కదా. నాకసలే పడదు.

ఆదివారం

రెండు పూటలా కదిపాం. ఆదివారం డిస్కుకి విశ్రాంతి ఇద్దామనుకున్నది ఎవరో గుర్తు లేదు.

ఇవాళ ఉన్నట్టుండి, "మిమ్మల్ని ఒక మాటడగనా, ఏమీ అనుకోకుండా?" అంది. మౌసు తన చేతిలో ఉంది. "మా అమ్మాయి పెళ్ళికార్డు మీకు చూపించడానికి పంపితే, మీరు దాని నిండా ఎర్రసిరాతో గీతలు గీసి వెనక్కి పంపారు. జ్ఞాపకముందా?"

ఉంది. తప్పులున్నాయి, దిద్దాను. సాయమనుకున్నాను.

"అది మా ఆయన వారం రోజులు కూర్చుని రాసింది" అంది.

ఆయన పోయి రెండేళ్ళు.

"ఆయనకేం కోపం రాలేదండోయ్. నా రాత ఇంత శ్రద్ధగా చదివిన వాళ్ళు ఇంతవరకు లేరే అన్నారు. ఆ కాగితం దాచుకున్నారు కూడా. మండింది నాకు. ఆ మంట మనసులో పెట్టుకునే పెళ్ళిలో ఏదో నోరు జారాను. ఏమన్నానో కూడా సరిగ్గా గుర్తు లేదు. మీకు గుర్తుందా?"

"లేదు" అన్నాను.

"ఉంది" అంది, నా ముఖంలోకి చూసి.

"ఖాళీ గడులు నింపడానికి కూడా జీతమిస్తారా అన్నారు."

"ఛ" అంది. "అంత మాటన్నానా! చూడండి, నవ్వు రాకపోగా సిగ్గేస్తోంది." తర్వాత మెల్లగా, "జీతం ఇస్తారా మరి?" అంది.

"టీ ఖర్చులకి వస్తుంది" అన్నాను.

"అయితే ఫర్లేదు. మీరు టీ బాగా తాగుతారు."

అచ్చుతప్పు అచ్చుతప్పే. కానీ ఎర్రసిరాతో కాకుండా పెన్సిల్‌తో దిద్ది ఉండొచ్చు. ఆమాట ఆవిడతో కూడా అన్నాను.

సోమవారం

పేజీలన్నీ అయిపోయాయి. పదకోశం ఒక్కటే మిగిలింది. రేపు.

మంగళవారం

రేపు.

బుధవారం

రాయడానికి చెయ్యి రావడం లేదు.

మధ్యాహ్నం పదకోశం మొదలుపెట్టాం. సగం దాకా వచ్చింది. వదినగారు ఒక సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఉంగరం మింగి కూడా మింగలేదని ఒట్టేసిన పెద్దమనిషి ఎక్స్‌రే కథ. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకుని, టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళాం. అక్కడా ఆ కథే నడిచింది.

తిరిగొచ్చేసరికి ల్యాప్‌టాప్ నిద్రపోయింది. నా కంప్యూటర్ తెర నల్లగా ఉంది. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. టిక్కు, టిక్కు, టిక్కు. డిస్కు కనబడటం లేదని ఒక వరుస వచ్చింది. ఇంకోసారి ఆపి ఆన్ చేశాను. అదే వరుస.

పదిహేనేళ్ళ మాటలు.

నొక్కితే నిమిషం పట్టని సెట్టింగ్. ఎందుకు నొక్కలేదో ఈ డైరీకి కూడా చెప్పలేదు. చెప్పకపోతే మాత్రం నాకు తెలియదా?

గదిలోకి వచ్చి కూర్చున్నాను. వదినగారు లోపలికి రాలేదు. గుమ్మంలోంచే, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో, "రోగిని విసిగించొద్దు. ఇవాళంతా పడుకోనిద్దాం. రేపు ఉదయం చూద్దాం" అన్నారు.

కంప్యూటర్ డబ్బా పక్క మూత తీసి, బల్ల ఫ్యాను దానివైపు తిప్పి పెట్టారు.

గురువారం

ఉదయం మూడుసార్లు వేశాను. మూడుసార్లూ టిక్కు టిక్కే.

వదినగారు నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని ఎగాదిగా చూశారు. "మా దగ్గరకొచ్చే రోగి నిలబడలేకపోతే ఏం చేస్తామో తెలుసా? పడుకోబెట్టి తీస్తాం."

ఇద్దరం చెరో పక్కా పట్టుకుని డబ్బాను మెల్లగా పక్కకి ఒరగబెట్టాం. కింద తువ్వాలు పరిచారు. నేను మీట నొక్కాను.

టిక్కు.

తర్వాత ఏ చప్పుడూ లేదు. చూస్తుండగానే తెర మీద నా పాత నీలం రంగు వచ్చింది. ఊపిరి పీల్చమని ఎవరూ చెప్పలేదు. ఇద్దరం బిగబట్టే ఉన్నాం.

కేబుల్ పట్టుకుంది. కిటికీలు రెండూ తెరుచుకున్నాయి. పదకోశం మీద వేలు పెట్టబోయి ఆగాను. ముందు ల్యాప్‌టాప్ నిద్ర ఆపాలి. తొందరలో ఆ పవర్ అన్నది ఎక్కడుందో కనబడలేదు.

"అక్కడ కాదు. దాని కింద. రెండో దాంట్లో" అన్నారు వదినగారు.

నొక్కాను. ఎప్పటికీ నిద్రపోవద్దు అన్నదాన్ని ఎంచుకున్నాను. అప్పటికి గానీ నాకు తట్టలేదు.

"మీకెలా తెలుసు?"

"ఆ ల్యాప్‌టాప్ తొమ్మిదేళ్ళుగా నాదే కదా."

"మరి ఇన్నాళ్ళూ మార్చలేదేం?"

చీర అంచు సర్దుకున్నారు. "మీరు మారుస్తారేమోనని చూశాను" అన్నారు. "మీరు మార్చలేదు."

తెర మీద పచ్చగీత కదిలింది. ఆగినట్టే ఆగి మళ్ళీ కదిలింది. మౌసు ముట్టుకోవలసిన పని లేదు. అయినా కుర్చీల్లోంచి లేవలేదు. పచ్చగీత ఆ కొసకి తగలగానే వదినగారు నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపేశారు. ఫైల్ తెరిచి చూశాను. నటన అని కొట్టాను. ఆరేళ్ళ కిందటి వారం, అడ్డం ఏడు. ఉంది. అన్నీ ఉన్నాయి.

పజిల్ పంపేశాను. పాత కంప్యూటర్‌ను ఆర్పాను. సాయంత్రం ఊరికే ఇంకోసారి వేసి చూశాను. లేవలేదు. దాని పని అది చేసి వెళ్ళిపోయింది.

శుక్రవారం

"ప్లంబర్ నాకు కూడా ఫోన్ చేశాడు" అన్నారు వదినగారు, రొట్టె ముక్క మీద వెన్న రాస్తూ. "మీరు ఎత్తడం లేదట. తాళం ఎవరికివ్వాలని అడిగాడు. పెయింటు వాసన పోయాక వస్తారని చెప్పాను."

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాఫీ కప్పులో పెట్టుకున్నాను.

ఆదివారం

ఇల్లు చేరాను. కప్పు తెల్లగా, కొత్తగా ఉంది. ల్యాప్‌టాప్‌ను బలవంతాన నా సంచిలో పెట్టారు. "నేను చూసే వీడియోలు ఫోన్‌లో చూసుకుంటాను. మీ మాటలు ఇందులో ఉన్నాయి, ఇది మీదగ్గరే ఉండాలి. డబ్బా కూడా తీసుకెళ్ళండి, లేకపోతే తెర నిలబడదు" అన్నారు. బిస్కెట్లతో సహా ఇచ్చారు.

బాగుంది. నా బల్ల, నా కుర్చీ, నా ఫ్యాను. ప్రశాంతంగా ఉంది.

మంగళవారం

ప్రశాంతంగా ఉంది.

శుక్రవారం

పజిల్ పంపాను. ఇక్కడినుంచే, కోడలు ఫోన్‌లో చెబుతుంటే నెట్ కలుపుకుని. నిమిషం పట్టింది. మిగతా రోజంతా మిగిలింది.

మంగళవారం

పెయింటు వాసన పూర్తిగా పోయింది.

గురువారం

పొద్దున్నే వదినగారి దగ్గరనుంచి ఫోన్‌కి ఒక సందేశం. క్షేమసమాచారాలేమీ లేవు.

"ఈ వారానికి నాదొకటి. బాగుచేయడమే, కానీ నడుమ పిలుస్తోంది. నాలుగక్షరాలు. జవాబు ఒక్కటే, చూసుకున్నాను."

పదిహేనేళ్ళుగా ఆధారాలు రాస్తున్న దాన్ని. టీ పెట్టుకునేలోపు తేలిపోతుందనుకున్నాను. చికిత్స? మూడే అక్షరాలు, పైగా ఎవర్నీ పిలవదు. సవరణ? నాలుగే, కానీ నడుమ ఎవరూ లేరు. దిద్దుబాటు? అదీ నాలుగే, పిలుపు మాత్రం లేదు, పైగా ఆవిడ నామీద అంత కసి ఇంకా పెట్టుకుని ఉండదు. టీ చల్లారిపోయింది. ఇంకోటి పెట్టుకున్నాను, అదీ చల్లారింది.

కాగితం మీద నాలుగు గడులు గీసుకున్నాను. అప్పుడు పడింది.

మ ర మ్మ తు.

మొదటి గడినీ చివరి గడినీ వేళ్ళతో మూసి నడుమనున్న రెండూ పైకే చదివాను. ఖాళీ ఇంట్లో నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

ఆధారంలో దిద్దవలసింది ఒక్క అక్షరం కూడా లేదు. నిలువు మూడులో అలాగే వేశాను. పత్రికకి పంపేశాను. పదకోశంలో ఆ మాట పక్కన ఆవిడ పేరు రాసుకున్నాను.

ఇప్పుడు టైము పదకొండు. సంచిలో రెండు చీరలు, మందులు, ల్యాప్‌టాప్, డబ్బా పెట్టుకున్నాను. వస్తున్నానని ఫోన్ చేద్దామని నంబరు తీసి, మళ్ళీ పెట్టేశాను. జవాబు చేత్తో ఇస్తేనే బాగుంటుంది. బస్సు పావుగంటలో ఉంది.